రేకుల మీద సొరతీగ

వేములపల్లి బడిలో మూడో తరగతి పిల్లలకు సూర్యుడి వల్ల కలిగే లాభాలు చెప్తూ చెప్తూ నేను దబ్బున కింద పడ్డాను.

ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. జూన్ అయిపోవస్తున్నా వాన జాడ లేదు. మా తరగతి రేకుల షెడ్డు. మధ్యాహ్నం దాటేసరికి ఆ రేకులు పెనంలా కాలేవి. కింద గోనెసంచుల మీద పిల్లలు, ఎదురుగా కుర్చీలో నేను రొట్టెల్లా మాడేవాళ్లం. ఆ రోజు మూడో లాభం దాకా నిలబడే చెప్పాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

కళ్లు తెరిచేసరికి ముఖం మీద నీళ్లు, చుట్టూ పిల్లలు. ఒక్కరైనా ఏడుస్తున్నారేమోనని చూశాను. ఎవరూ ఏడవడం లేదు. ముందు వరసలో ఎర్ర రిబ్బన్లు కట్టుకొచ్చే పిల్ల ఒకతి ఉండేది. అది నా చెవి దగ్గర వంగి అడిగింది.

“పంతులమ్మా, మూడు లాభాలే చెప్పినవ్. ఐదున్నయంటివి గద. కడమ రెండు ఎప్పుడు చెప్తవ్?”

హెడ్మాస్టర్ గారు పరుగున వచ్చారు. ఆయనది కోదాడ వైపు. పెద్దమనిషి, రిటైరు కావడానికి దగ్గరలో ఉన్నారు. నన్ను చూసి, పైన రేకులు చూసి, మళ్లీ నన్ను చూశారు.

“ఏమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా లేదా?”

“తిన్నానండీ. ఎండకు తట్టుకోలేక...”

“ఎండ అన్నాక కాయదూ? మేమందరం ఈ రేకుల కిందే బతుకుతున్నాం కదమ్మా. రోజూ ఎవరో ఒకరు పడిపోతే బడి నడిచేదెట్లా?”

ఆయన ఒక్కరే అని ఉంటే సరిపోయేది. సాయంత్రం నేనుంటున్న మిర్యాలగూడకు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఎడ్లబండి మీద పోతున్న ముసలాయన బండి ఆపి “నువ్వేనా అమ్మా పడిపోయిన పంతులమ్మవు? నిమ్మకాయ నీళ్లు తాగు” అన్నాడు. మర్నాటి నుంచి నాకు అదే పేరు. కొత్త పంతులమ్మ అనేవాళ్లు, సూర్యాపేట పంతులమ్మ అనేవాళ్లు కూడా దాన్నే పట్టుకున్నారు. పడిపోయిన పంతులమ్మ.

పర్యావరణం అనే మాట మాకప్పుడు తెలియదు. తెలిసినా దాని మీద నాకు అంత ప్రేమ ఉండేది కాదు. నేను బడిని చల్లబరచాలని పూనుకున్నది ఆ పేరు పోగొట్టుకోవడానికే.

ట్రైనింగులో ఉండగా ఒక పాఠం చదివాను. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి, అందువల్ల చుట్టూ గాలి చల్లబడుతుంది. దానికి బొమ్మ వేసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మొక్కల గురించి నాకున్న తెలివి ఆ బొమ్మ వరకే. మా ఇంట్లో తరతరాలుగా ధాన్యం వ్యాపారం. సూర్యాపేట గంజిలో, అంటే ధాన్యం బజారులో, మా నాన్న దుకాణం. వడ్లు గోనెసంచిలో రావడం చూశాను, గోనెసంచిలో పోవడం చూశాను. మధ్యలో అవి ఎక్కడ పండుతాయో నాకు పట్టలేదు. చిన్నప్పుడు మా పెరట్లో తులసి ఎండిపోతే దానికి నేను నీళ్లు పోయడమే కారణమని మా అమ్మ గట్టిగా నమ్మేది.

అలాంటి నేను మర్నాడు తరగతిలో గొంతు సవరించుకుని ప్రకటించాను.

“పిల్లలూ, మన బడి రేకుల మీదికి తీగలు పాకిద్దాం. ఆకులు కమ్ముకుంటే ఎండ లోపలికి రాదు. ఇదొక కొత్త పద్ధతి. ఎవరూ చేసి ఉండరు.”

పిల్లలు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఎర్ర రిబ్బన్ల పిల్ల చెయ్యెత్తింది.

“మా గుడిసె మీద ఆనిగెపు తీగె ఉంటది పంతులమ్మా.”

“మా ఇంటి మీద గుమ్మడి తీగె ఉంటది,” అన్నది ఇంకో పిల్ల.

“మా కొట్టం మీద బీర.”

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి మొదటిసారి ఊరిని సరిగ్గా చూశాను. మా వైపు ఆనిగెపుకాయ అనే సొరకాయ తీగలు ప్రతి గుడిసె కప్పు మీదా పోయినేడాదివి ఎండి వేలాడుతున్నాయి. రోజూ వాటి ముందు నుంచే నడిచి వెళ్లి, రోజూ వాటి ముందు నుంచే తిరిగి వచ్చాను. నా కొత్త పద్ధతి ఊళ్లో మేకలకు కూడా తెలుసు.

అయినా వెనక్కి తగ్గలేదు. విత్తనాలు ఎవరింటి నుంచి వాళ్లు తెమ్మన్నాను. సొర వచ్చింది, బీర వచ్చింది, గుమ్మడి వచ్చింది. ఒకడు చింతగింజ తెచ్చాడు, ఇంట్లో అదే దొరికిందట. షెడ్డు గోడ పొడుగునా గుంటలు తవ్వాలి. ముందు నేను తవ్వి చూపిస్తానని గడ్డపార అందుకున్నాను. అది నేను అనుకున్నదానికంటే బరువు. గురిపెట్టిన చోట దిగకుండా నా చెప్పు పక్కన దిగింది. పెద్దతరగతి పిల్లలు వచ్చి నా చేతిలోంచి మర్యాదగా గడ్డపార తీసుకున్నారు. నన్ను నీడలో నిలబెట్టారు. మళ్లీ పడిపోతానని వాళ్ల భయం.

నీళ్ల సంగతి మాత్రం నేనే ఆలోచించాను. అందుకే ఇప్పటికీ చెప్పుకుంటాను. బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఉప్మా పెట్టేవాళ్లు. తిన్నాక ప్లేట్లు, చేతులు కడిగిన నీళ్లన్నీ వాకిట్లో బురదయ్యేవి. ఇకనుంచి ఎవరైనా సరే మొక్కల మొదట్లోనే కడగాలి, పలకలు కడిగినా అక్కడే కడగాలి అని నియమం పెట్టాను. పిల్లలు ఎగిరి గంతేశారు.

అప్పుడు మొదలైంది అసలు గోల. ఎవరి గుంట వాళ్లది. మొలక వచ్చినవాళ్లకు మొలక మీద ప్రేమ, రానివాళ్లకు పక్కవాళ్ల మొలక మీద కోపం. తినకముందు చేతులు కడిగేవాళ్లు, తింటూ తింటూ లేచి కడిగేవాళ్లు. పలక మీద అ రాయడం, లేచి వెళ్లి కడగడం, ఆ రాయడం, మళ్లీ లేచి వెళ్లడం. ఉప్మా వండే అవ్వ గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“నీ పిల్లలకు తిండి మీద సోయి లేదమ్మా. ముద్ద నోట్ల పెట్టుకుంటరు, చేతులు కడుగ ఉరుకుతరు. గిట్లయితే ఉప్మా ఎవలు తినాలె? నీ తీగెలు తింటయా?”

ఒకరోజు మధ్యాహ్నం హెడ్మాస్టర్ గారు ఖాళీ గ్లాసు పట్టుకుని మా తరగతి గుమ్మంలో నిలబడ్డారు. తాగేనీళ్ల కుండలు రెండూ ఖాళీ. ఎండకు మొక్కలు వాడిపోతుంటే చూడలేక పిల్లలు ఆ నీళ్లు కూడా పోసేశారు.

“అమ్మా, సొరతీగకు దాహం తీరిందా?” అని అడిగారాయన.

“తీరిందండీ.”

“సంతోషం. మిగిలితే నాకో గ్లాసు ఇప్పించు.”

ఆ తర్వాత వానలు పడ్డాయి. పడ్డాయంటే పడ్డాయి. కంపలు పాతితే తీగలు వాటిని పట్టుకుని గోడెక్కాయి, గోడ మీంచి రేకులెక్కాయి. మా పిల్లల గుంటలో పుట్టినవి మా తరగతి కప్పుతో ఆగక రెండో తరగతి మీదికి కూడా పాకాయి. దసరా సెలవుల ముందర చూస్తే రేకు కనపడలేదు. పైనంతా పచ్చదనం, మధ్యమధ్య తెల్లటి సొరపూలు. నేను రోడ్డు మీద నిలబడి బస్సు వచ్చినా ఎక్కకుండా దాన్నే చూసేదాన్ని. లోపల ఎంత చల్లగా ఉండేదంటే ఒక్కోరోజు కొంగు కప్పుకుని పాఠం చెప్పేదాన్ని.

హెడ్మాస్టర్ గారు లోపలికి వచ్చి చుట్టూ చూశారు. బయట జల్లు పడుతోంది.

“వానాకాలంలో చలవపందిరి వేశావమ్మా. బాగుంది. చలికాలానికి విసనకర్రలు కూడా తెప్పిస్తావా?”

అప్పటిదాకా నాకా సంగతి తట్టనే లేదు. జూన్‌లో విత్తితే తీగ కమ్ముకునేది వానల్లో. వానల్లో ఎండే ఉండదు. ఆకులు రాలి రేకుల మేకుల దగ్గర కుళ్లి, అక్కడ నీళ్లు నిలిచి, చుక్క చుక్క సరిగ్గా నా టేబుల్ మీద పడేవి. టేబుల్ జరిపితే చుక్క కూడా జరిగేది. గొంగళిపురుగులు రేకుల సందుల్లోంచి దిగేవి. ఒకటి నా జడ మీద పడితే నేను పెట్టిన కేకకు రెండో తరగతి మొత్తం ఇంటిబెల్లు అనుకుని వెళ్లిపోయింది. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒక ఆకు తెచ్చి, దాంతో పురుగును తీసి, “పంతులమ్మా, జర ఉండు, కదలకు” అని నన్ను ఓదార్చింది.

ఆ రోజుల్లోనే తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వస్తున్నారని కబురొచ్చింది. నాకు కాళ్లు భూమి మీద ఆనలేదు. రేకుల మీద తీగ చూసి ఆయన తప్పకుండా అడుగుతారు. ఏం చెప్పాలో పిల్లలకు వారం ముందు నుంచే నేర్పించాను. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయి, దానివల్ల గాలి చల్లబడుతుంది, ఇది మా ఉపాధ్యాయురాలు మాకు నేర్పిన శాస్త్రం. అందరూ ఒక్క గొంతుతో చెప్పేవాళ్లు. మధ్యలో “ఉపాధ్యాయురాలు” దగ్గర మాత్రం సగంమంది తడబడేవాళ్లు. అది ఇంకా గట్టిగా చెప్పించేదాన్ని.

ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. గుమ్మం ముందు ఆగి పైకి చూశారు. వేలాడుతున్న సొరకాయలు తలకు తగలకుండా వంగి లోపలికి వచ్చారు.

“ఏందమ్మా ఇది, బడా, కూరగాయల దుకాణమా?”

నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి పిల్లల వైపు తిరిగారు.

“మీరు చెప్పండి. బడి మీద ఈ తీగెలు ఎందుకు పెట్టిన్రు?”

ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచి నిలబడింది. నేను చిరునవ్వుతో తల ఊపాను, చెప్పమని.

“మా పంతులమ్మ ఎండకు తట్టుకోలేక దబ్బున కింద పడ్డది సార్. నీళ్లు కొడితె లేసింది. మళ్ల పడొద్దని పెట్టినం.”

తరగతి మొత్తం “అవును సార్” అన్నది. ఒకడు లేచి నేను ఎట్లా పడ్డానో పడి చూపించాడు. బాగా చూపించాడు కూడా. హెడ్మాస్టర్ గారు గోడ మీది మ్యాపు వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదలడం నాకు కనపడుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ గారు నన్ను అడిగారు. “ఇప్పుడు ఒంట్లో బాగుందా అమ్మా?”

“బాగుందండీ,” అన్నాను.

ఆకులు, ఆవిరి, శాస్త్రం అన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఆయన పోతూ పోతూ ఒక సొరకాయ కోయించుకున్నారు. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో మిర్యాలగూడ పోవలసి వచ్చింది. ఆయన ముందు సీట్లో సొరకాయను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎక్కినవాళ్లంతా ఎక్కడిదని అడిగితే నన్ను చూపించి చెప్పారు. అట్లా నా పేరు మిర్యాలగూడకు కూడా చేరింది.

చలికాలం వచ్చేసరికి సొర ఎండింది, బీర ఎండింది. ఫిబ్రవరిలో ఎండ ముదురుతుంటే రేకుల మీద ఎండుపుల్లలు తప్ప ఏమీ లేవు.

“ఎండ వచ్చె, తీగెలు పాయె పంతులమ్మా. ఇగ ఎట్ల?” అన్నారు పిల్లలు.

ఈసారి సిగ్గుపడకుండా వాళ్లనే అడిగాను. మళ్లీ విత్తుదామన్నారు. విత్తాం. ప్లేట్లు కడిగిన నీళ్లతో తీగలు గోడెక్కాయి. రేకు అంచుకు చేరిన మర్నాటికి చివరలు నల్లగా మాడిపోయాయి. కాలిన రేకు మీద లేత తీగ పాకుతుందా? తీగకు నీడ ఉంటే గానీ మాకు నీడ ఇవ్వలేదు. ఇది నా బొమ్మలో లేదు.

నేను ఇంటి నుంచి పాత చీర తెచ్చి, తడిపి, పెద్ద పిల్లల చేత రేకుల మీద పరిపించాను. మధ్యాహ్న విరామం బెల్లు కొట్టేలోపే గాలి దుమారం వచ్చింది. చీర కళ్లముందే ఎగిరి, రోడ్డు దాటి, పొలంలో మేస్తున్న బర్రె కొమ్ములకు చుట్టుకుంది. బర్రె ఊళ్లోకి పరుగు తీసింది. పడిపోయిన పంతులమ్మ చీర కట్టుకుని బర్రె వస్తున్నదని ఆ రోజు ఊళ్లో ఎంత నవ్వారో నాకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. చీర తిరిగి తెచ్చిచ్చిన రైతు మాత్రం ఒక మాటన్నాడు.

“గడ్డి పరుసుండ్రి అమ్మా. చీరెలు ఎన్నని పరుస్తవ్?”

ఆ ఏడు సాగర్ కాలువ నీళ్లతో వరి బాగా పండింది. కల్లాల్లో గడ్డి కుప్పలు. పిల్లలు బడికి వస్తూ వస్తూ చంకలో తలా కొంచెం గడ్డి తెచ్చారు. సంచి ఒక భుజాన, గడ్డి ఒక భుజాన. రేకుల మీద మందంగా పరిచి, పైన తుమ్మకంప వేసి బిగించాం. దాని మీద తీగ మాడకుండా పాకింది. షెడ్డు వెనకవైపు కప్పు కిందికి ఉండటంతో బర్రెలు మెడలు చాచి గడ్డి లాగేవి. వాటిని తోలడానికి పిల్లలు వంతులు వేసుకున్నారు. లెక్కలు రానివాళ్లకు బర్రెల వంతు అంటే మహా ఇష్టం. నా క్లాసులో లెక్కలు రానివాళ్లు ఆ నెలలో ఎక్కువయ్యారు.

మార్చి చివరికి కప్పు సగానికి పైగా పచ్చబడింది. నేను పొంగిపోతున్న రోజే హెడ్మాస్టర్ గారు కాగితం పట్టుకుని వచ్చారు. ఎండలు ముదిరాయి కాబట్టి రేపటి నుంచి ఒంటిపూట బడి. పొద్దున ఎండ రాకముందే పాఠాలు అయిపోతాయి.

“ఏమనుకోకమ్మా,” అన్నారాయన. నిజంగా బాధపడుతున్నట్టే అన్నారు.

నేను ఏమీ అనుకోలేదని చెప్పి, బస్సు స్టాపు దగ్గర ఒక్కదాన్నే నిలబడి చాలా అనుకున్నాను.

కానీ బడి వదిలాక పిల్లలు ఇళ్లకు పోలేదు. పోయినా తిని మళ్లీ వచ్చారు. వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లు పొలాలకు పోయేవాళ్లు. మధ్యాహ్నం మా తరగతి నిండా పిల్లలు. పొద్దున రానివాళ్లు కూడా మధ్యాహ్నం వచ్చేవాళ్లు. గచ్చకాయలు ఆడేవాళ్లు, నిద్రపోయేవాళ్లు, చంకలో తమ్ముళ్లను, చెల్లెళ్లను తెచ్చేవాళ్లు. ఉప్మా అవ్వ గోడవారన కొంగు పరుచుకుని పడుకునేది. ఒకరోజు హెడ్మాస్టర్ గారు తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని, ఎవరితో ఏమీ మాట్లాడకుండా మా తరగతిలో ఒక మూల వేసుకుని, తల వెనక్కి వాల్చి గురక పెట్టారు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు నాకు ఆ ఉద్యోగంలో దొరకలేదు.

థర్మామీటరు లేదు. పిల్లలే ఒక పరీక్ష కనిపెట్టారు. నా టేబుల్ మీద స్టూలు వేసి, దాని మీదికెక్కి, లోపలి నుంచి రేకుకు అరచెయ్యి ఆనించి నిలబడేవాళ్లు. తర్వాత తీగలేని నాలుగో తరగతికి పరుగెత్తి అక్కడ రేకు ముట్టుకుని “అమ్మో” అని చెయ్యి ఊదుకుంటూ వచ్చేవాళ్లు. నన్నూ ఎక్కమన్నారు. నేను స్టూలెక్కితే నలుగురు నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నారు, పడిపోకుండా. రేకు గోరువెచ్చగా ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు. కళ్లు మూసుకుని అట్లాగే నిలబడ్డాను. ఎర్ర రిబ్బన్ల పిల్ల కింద నుంచి “కండ్లు తిరుగుతున్నయా పంతులమ్మా? దిగు దిగు” అని దించేసింది.

మరుసటి ఏడు నాకు కోదాడకు బదిలీ అయింది. అక్కడి బడికి స్లాబు. ఫ్యాన్లు కూడా ఉన్నాయి, కరెంటు ఉన్నప్పుడు తిరిగేవి. తీగల మాట ఎత్తితే అక్కడి పెద్ద టీచరమ్మ “మన స్లాబు పాడవుతుందండీ” అని నవ్వింది. ప్రహరీగోడ వెంబడి పిల్లల చేత ఏవో నాటించాను. కొన్ని బతికాయి.

ఏడాది తర్వాత, చలికాలం పోతుండగా, జీతం కాగితాల మీద సంతకం కోసం వేములపల్లి వెళ్లాను. బస్సు దిగుతూనే బడి వైపు చూశాను. ఒక్క మా తరగతే కాదు, వరసగా రేకులన్నిటి మీదా పచ్చగా ఉంది. సొర కాదు, చిక్కుడు. చిక్కుడు చలికి ఎండదు, కాయ బరువూ ఉండదు. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో తెలియదు. నాకు మాత్రం రాలేదు.

నా స్థానంలో ఒక కుర్ర టీచరు చేరింది. నేనెవరో ఆమెకు తెలియదు. నేను పైకి చూస్తుంటే దగ్గరికి వచ్చి చెప్పింది.

“బాగుంది కదండీ? చాలా కాలం నుంచి ఉన్నదట. మా హెడ్మాస్టర్ గారు మొదలుపెట్టారు. పిల్లలంటే ఆయనకు ప్రాణం.”

నేను “అట్లనా” అన్నాను. చెప్పడానికి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టినా నేను కింద పడటం దగ్గరే మొదలుపెట్టాలి. అందుకని ఊరుకున్నాను.

హెడ్మాస్టర్ గారు సంతకం చేసి, కోదాడలో వాళ్ల చుట్టాల క్షేమం అడిగి, బయటికి వచ్చారు. తనే గోడ మీద చెయ్యి పెట్టి, అందినన్ని చిక్కుడుకాయలు కోసి, నా సంచిలో వేశారు. ఆయనకు చూపు తగ్గింది. లేతవేవో ముదురువేవో చూడలేదు.

రాత్రికి కోదాడలో వండాను. ఎంతసేపు ఉడికించినా ఉడకలేదు. నోటినిండా పీచు. అయినా గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాను.